హైదరాబాదు పోలీసు చర్యపై విదేశీ ప్రభుత్వాల స్పందన

హైదరాబాదు పోలీసు చర్యపై విదేశీ ప్రభుత్వాల స్పందన అనగా 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు భారత సైన్యం నిజాం సంస్థానంపై జరిపిన సైనిక చర్య విషయంలో బ్రిటన్, అమెరికా, పాకిస్తాన్, సోవియట్ యూనియన్ తదితర దేశాలు, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి అనుసరించిన దౌత్య వైఖరి. ఈ చర్యకు సైన్యం పెట్టిన పేరు ఆపరేషన్ పోలో. భారత ప్రభుత్వం దీనిని దేశంలోపల శాంతిభద్రతల కొరకు తీసుకున్న చర్యగా పరిగణించి "పోలీసు చర్య" అని వ్యవహరించింది. నిజాం ప్రభుత్వం మాత్రం ఇది ఒక స్వతంత్ర రాజ్యంపై మరొక రాజ్యం చేసిన దండయాత్ర అని ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. విదేశీ ప్రభుత్వాలు ఈ రెండింటిలో ఏది సరియైనదో తేల్చకుండానే వ్యవహారాన్ని దాటవేశాయి. భద్రతా మండలి కూడా ఈ విషయమై ఎన్నడూ తీర్మానం చేయలేదు.

నేపథ్యము

బ్రిటిషు ఇండియాలోని స్వదేశీ సంస్థానాలలో జనాభా రీత్యా హైదరాబాదు అతి పెద్దది. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థాన జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. తెలంగాణ, మరాఠ్వాడా, ఈశాన్య కర్ణాటక ప్రాంతాలు ఇందులో ఉండేవి. సొంత నాణెములు, తపాలా, రైలు మార్గములు, సైన్యము ఉన్న ఈ సంస్థానానికి తన సరిహద్దులు దాటిన వ్యవహారాలపై మాత్రం అధికారం ఉండేది కాదు. విదేశీ వ్యవహారాలు బ్రిటిషు ప్రభుత్వం చేతిలోనే ఉండేవి.

1947 భారత స్వాతంత్ర్య చట్టంలోని 7వ విభాగం సంస్థానాలపై బ్రిటిషు పరమాధికారాన్ని రద్దు చేసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ ఏర్పాటును తనకు స్వాతంత్ర్యం తిరిగి వచ్చినట్లుగా అర్థం చేసుకొని, భారతదేశంలో గాని పాకిస్తాన్‌లో గాని చేరబోనని 1947 జూన్‌లో ఫర్మానా వెలువరించాడు. అదే సంవత్సరం నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ మధ్య ఒక సంవత్సరం పాటు అమలులో ఉండేటట్లు యథాతథ ఒప్పందం కుదిరింది. దీని ప్రకారం విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా సౌకర్యాలకు సంబంధించి పూర్వపు ఏర్పాట్లు కొనసాగాలి. తరువాత రెండు పక్షాలూ ఒప్పందాన్ని ఉల్లంఘించారని ఒకరినొకరు నిందించుకున్నాయి. భారతదేశం ఆర్థిక దిగ్బంధనం విధించిందని హైదరాబాదు ఆరోపించింది. హైదరాబాదు పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ పత్రాలను ఋణంగా ఇచ్చిందని, దొంగతనంగా ఆయుధాలు తెప్పిస్తున్నదని, కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల అకృత్యాలను అరికట్టడం లేదని భారత ప్రభుత్వం ఆరోపించింది.

ఈ సంక్షోభం ప్రభావం పొరుగున ఉన్న కృష్ణా జిల్లాపై నేరుగా పడింది. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు సంస్థానానికి సరిహద్దు. కంచికచర్ల దగ్గరి పరిటాల చుట్టూ మద్రాసు రాష్ట్ర భూభాగం ఉన్నప్పటికీ ఆ గ్రామం నిజాం అధికారం క్రిందే ఉండేది. రజాకార్ల దాడులకు భయపడి తెలంగాణ గ్రామాల ప్రజలు సరిహద్దు దాటి ఈ జిల్లాకు వలస వచ్చారు. మచిలీపట్నాన్ని నివాసంగా చేసుకున్న భోగరాజు పట్టాభి సీతారామయ్య, సంస్థానాలలో ప్రజా ప్రభుత్వాల కొరకు పోరాడిన అఖిల భారత సంస్థాన ప్రజల మహాసభలో ప్రముఖుడు. ఆయన 1948 డిసెంబరులో జయపూర్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు.

సముద్ర మార్గము - మచిలీపట్నం

హైదరాబాదుకు విదేశీ సహాయం అందకపోవడానికి గల కారణాలలో ఆ సంస్థానానికి సముద్ర తీరం లేకపోవడం ముఖ్యమైనది. పూర్వం పరిస్థితి ఇట్లు ఉండేది కాదు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చివారు 17వ శతాబ్దపు మొదటి దశాబ్దంలోనే అక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. ఆంగ్లేయులు 1611లో వచ్చారు. ఐరోపాలో ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ జరుగుతున్న సప్తవర్ష సంగ్రామం కృష్ణా డెల్టాకు కూడా వ్యాపించినప్పుడు, 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుండి పట్టుకున్నాడు. ఫ్రెంచివారికి సహాయంగా సైన్యంతో బయలుదేరిన నిజాం సలాబత్ జంగ్ వారి ఓటమి చూసి పక్షం మార్చి, 1759 మే 14న ఆంగ్లేయులతో సంధి చేసుకొని మచిలీపట్నాన్ని పరిసర ప్రాంతాలతో సహా వారికి ఇచ్చివేశాడు. దూరదేశాల మధ్య జరిగే యుద్ధంలో ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్న హైదరాబాదు పాలకులకు ఎదురైన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

1802 నాటి వాణిజ్య సంధిలో మచిలీపట్నం రేవును వాడుకొనే హక్కు నిజాముకు తిరిగి లభించింది. అయితే 1864 నవంబరు 1 నాటి తుఫానులో ముప్పై వేల మంది వరకు మరణించిన తరువాత ఆ రేవు క్షీణించింది. 1947 నాటికి అది మద్రాసు రాష్ట్రంలో, అనగా భారత ప్రభుత్వ అధీనంలో ఉన్నది. నిజాం ప్రతినిధులు సముద్ర మార్గం కొరకు పోర్చుగీసు గోవాలోని మార్ముగోవా రేవు వైపు చూశారు గాని ఆ ప్రయత్నం ఫలించలేదు. ఫలించినా, గోవాకూ సంస్థానానికీ మధ్యనున్న నేల భారతదేశానిదే కాబట్టి రేవు ఒక్కటే చాలేది కాదు.

గుర్తింపు సమస్య

1947 ఆగస్టు 15 తరువాత ఏ దేశమూ హైదరాబాదును స్వతంత్ర రాజ్యంగా గుర్తించి రాయబారిని పంపలేదు. సంస్థానం తరఫున లండన్‌లో మీర్ నవాజ్ జంగ్, కరాచీలో ముష్తాఖ్ అహ్మద్ ఖాన్, ఢిల్లీలో జైన్ యార్ జంగ్ ఏజెంట్ జనరల్‌లుగా ఉండేవారు. ఇవి రాయబార కార్యాలయాలు కావు. యుద్ధం వచ్చినప్పుడు తన పక్షాన మాట్లాడే మిత్ర దేశాలు లేకపోవడానికి ఇదే మూలం. ఒక దేశం తరఫున మాట్లాడాలంటే ముందు అది దేశమని అంగీకరించాలి. అట్లా అంగీకరిస్తే కొత్తగా ఏర్పడిన భారతదేశంతో వైరం తెచ్చుకున్నట్లే.

బ్రిటన్

బ్రిటిషు ప్రభుత్వంతో నిజాము సంబంధం మిగిలిన దేశాలతో వలె కాదు. "బ్రిటిషు ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అన్నది నిజాముకు బ్రిటిషువారే ఇచ్చిన బిరుదు. రెండు ప్రపంచ యుద్ధాలలోను సంస్థానం వారికి ధనరూపంలోను, సైనిక రూపంలోను సహాయం చేసింది. అందుచేత 1947లో బ్రిటన్ తన సంస్థానాన్ని కామన్వెల్తులో ప్రత్యేక డొమినియన్‌గా అంగీకరిస్తుందని నిజాం ఆశించాడు. ఆయన రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ లండన్ రాజకీయ వర్గాలలో పలుకుబడి గల న్యాయవాది. కాని ప్రధాని అట్లీ 1947 జూలైలోనే సంస్థానాలన్నీ రెండు డొమినియన్లలో ఏదో ఒకదానిలో చేరాలన్న ఆశాభావాన్ని పార్లమెంటులో ప్రకటించాడు. చట్టం ప్రకారం సంస్థానాలను బలవంత పెట్టకూడదు, ఆచరణలో వాటిని ప్రత్యేక దేశాలుగా గుర్తించకూడదు అన్నది లండన్ విధానం. హైదరాబాదు విషయంలో ఈ రెండు మాటలకు పొత్తు కుదరలేదు.

ప్రతిపక్షంలోని కన్సర్వేటివ్ పార్టీ నిజాముకు అనుకూలంగా ఉండేది. 1948 జూలై చివరలో విన్‌స్టన్ చర్చిల్ ఈ విషయాన్ని కామన్స్ సభలో లేవనెత్తి, సంస్థానాలకు ఇచ్చిన హామీలను ప్రభుత్వం విస్మరించిందని విమర్శించాడు. సెప్టెంబరులో సైనిక చర్య సాగుతున్న సమయంలో విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ విచారం వ్యక్తం చేశాడు గాని ప్రభుత్వం అంతకు మించి ముందుకు పోలేదు. అప్పటికి భారతదేశం కామన్వెల్తులో ఉంటుందో ఉండదో తేలలేదు. 1948 అక్టోబరులో లండన్‌లో జరుగనున్న కామన్వెల్తు ప్రధానుల సమావేశానికి జవహర్‌లాల్ నెహ్రూ రావలసి ఉన్నది. కోటి అరవై లక్షల జనాభా గల సంస్థానం కొరకు భారతదేశాన్ని దూరం చేసుకోవడానికి అట్లీ ప్రభుత్వం సిద్ధపడలేదు.

దీనికి తోడు ఒక విచిత్ర పరిస్థితి ఉండేది. అప్పటి భారత సైన్యానికి ప్రధాన సేనాని బ్రిటిషువాడైన జనరల్ రాయ్ బుచర్. లండన్ నిరసన తెలియజేయవలసి వస్తే తన దేశస్థుడే నాయకత్వం వహించే సైన్యంపై నిరసన తెలియజేయాలి. మరొక ప్రక్క నల్‌దుర్గ్ వద్ద వంతెనలు పేల్చే పనిలో ఉన్న ఒక బ్రిటిషు మాజీ సైనికాధికారి నిజాం పక్షాన భారత సైన్యానికి పట్టుబడ్డాడు.

బ్రిటన్‌ను ఇబ్బంది పెట్టిన మరొక వ్యవహారం సిడ్నీ కాటన్‌ది. ఆస్ట్రేలియాకు చెందిన ఈ వైమానికుడు 1948లో కరాచీ నుండి రాత్రివేళలలో పెద్ద విమానాలలో బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. భారత ప్రభుత్వం లండన్‌కు నిరసన తెలిపింది. చివరకు కాటన్‌పై బ్రిటన్‌లో కేసు నడిచి 200 పౌండ్ల జరిమానా పడింది. ఆయన చేరవేసిన సరుకు విలువతో పోలిస్తే ఈ మొత్తం నామమాత్రమే.

అమెరికా

నిజాం 1948లో అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్‌కు విజ్ఞప్తి చేస్తూ మధ్యవర్తిత్వం వహించమని కోరాడు. ఉభయ పక్షాలూ కోరితే తప్ప జోక్యం చేసుకోలేమన్న వైఖరితో అమెరికా దీనిని నిరాకరించింది. భారత ప్రభుత్వం అట్లా కోరే అవకాశం లేదు, ఎందుకంటే మధ్యవర్తిని అంగీకరించడమంటే హైదరాబాదు మరొక దేశమని అంగీకరించడమే అవుతుంది. అప్పటి అమెరికా దృష్టి ఐరోపా మీద ఉన్నది. 1948 జూన్ నుండి సోవియట్ దిగ్బంధనంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు అమెరికా, బ్రిటన్‌లు విమానాల ద్వారా ఆహారం, బొగ్గు చేరవేస్తున్నాయి.

పాకిస్తాన్

హైదరాబాదు పక్షాన గట్టిగా నిలిచిన ప్రభుత్వం పాకిస్తాన్ ఒక్కటే. అయితే భౌగోళికంగా ఆ దేశం చేయగలిగినది స్వల్పం. సంస్థానానికీ పాకిస్తాన్‌కూ మధ్య వందల మైళ్ళ భారత భూభాగం ఉన్నది. పైగా కాశ్మీరులో అప్పటికే యుద్ధం నడుస్తున్నది. పాకిస్తాన్ వ్యవస్థాపకుడు, గవర్నర్ జనరల్ మహమ్మదాలీ జిన్నా 1948 సెప్టెంబరు 11న మరణించాడు. రెండు రోజులకే భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. కరాచీలో ప్రజలు ఆగ్రహంతో ప్రదర్శనలు జరిపి సైనిక చర్య తీసుకోవాలని కోరారు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆ మార్గం ఎంచుకోలేదు. నిరసనను ఐక్యరాజ్య సమితి వేదికకు పరిమితం చేసింది.

భద్రతా మండలిలో

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలి అధ్యక్షునికి తంతి పంపింది. సమితి నిబంధనావళిలోని 35వ అధికరణం 2వ ఖండం ప్రకారం, సభ్యత్వం లేని రాజ్యం కూడా తాను భాగస్వామిగా ఉన్న వివాదాన్ని, శాంతియుత పరిష్కార బాధ్యతలను ముందుగా అంగీకరించే షరతుపై, మండలి దృష్టికి తేవచ్చును. హైదరాబాదు ఈ ఖండాన్ని ఆధారం చేసుకున్నది. ఆ రోజు రాత్రే హైదరాబాదు నగరంలో, సంస్థానం భారతదేశంలో చేరాలని వ్రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌పై దాడి జరిగింది. ఆయన ఆ గాయాలతో మరణించాడు. సంస్థానం బయట దౌత్యం, లోపల హత్యలు ఒకే సమయంలో నడుస్తున్నాయి.

ఫిర్యాదు వెంటనే చర్చకు రాలేదు. ఆగస్టు నెలలో మండలి అధ్యక్ష స్థానం సోవియట్ యూనియన్‌ది. సెప్టెంబరులో వంతు బ్రిటన్‌కు వచ్చింది. సర్వప్రతినిధి సభ మూడవ సమావేశాలు పారిస్‌లో జరుగనున్నందున మండలి కూడా అమెరికా నుండి అక్కడికి తరలివెళ్ళింది. సెప్టెంబరు 12, 13 తేదీలలో హైదరాబాదు మరల అత్యవసర తంతులు పంపింది. చివరకు సెప్టెంబరు 16న, అనగా తొలి తంతి పంపిన 26 రోజులకు, సైనిక చర్య నాలుగవ రోజున, పారిస్‌లోని పాలే ద షాయో భవనంలో మండలి 357వ సమావేశం ఈ విషయాన్ని తీసుకున్నది. అధ్యక్షుడు బ్రిటన్ ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కాడొగన్.

ముందుగా తేలవలసినది ఈ అంశాన్ని చర్చనీయాంశాల పట్టికలో చేర్చాలా వద్దా అన్నది. అర్జెంటీనా, బెల్జియం, కెనడా, కొలంబియా, ఫ్రాన్సు, సిరియా, బ్రిటన్, అమెరికా అనుకూలంగా ఓటు వేశాయి. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. ఈ ఎనిమిది ఓట్లను నిజాముకు మద్దతుగా భావించరాదు. పట్టికలో చేర్చినంత మాత్రాన ఈ వివాదంపై మండలికి అధికారం ఉన్నదని గాని, హైదరాబాదు ఒక రాజ్యమని గాని తాము అంగీకరించినట్లు కాదన్న భావాన్ని సభ్యులు వ్యక్తం చేశారు. ఇది దౌత్యంలో తరచుగా కనిపించే పద్ధతి. ఫిర్యాదుదారుని గుమ్మం బయట నిలబెట్టినట్లూ ఉండదు, అతని మాట ఒప్పుకున్నట్లూ ఉండదు.

హైదరాబాదు ప్రతినిధి వర్గ నాయకుడు నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్. ఆయన తమ దేశంపై దండయాత్ర జరుగుతున్నదని, మండలి వెంటనే జోక్యం చేసుకొని పోరాటాన్ని ఆపించాలని కోరాడు. భారతదేశం తరఫున సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు వాదించాడు. కర్నూలులో జన్మించిన ఈయన, ఐక్యరాజ్య సమితి ఆర్థిక సామాజిక మండలికి మొట్టమొదటి అధ్యక్షుడు. సమితి కార్యవిధానంలో ఆయనకున్న అనుభవం నిజాం ప్రతినిధులకు లేదు. హైదరాబాదు చరిత్రలో ఎన్నడూ అంతర్జాతీయ హోదా గల రాజ్యం కాదని, కావున 35వ అధికరణం దానికి వర్తించదని మొదలియారు వాదించాడు. ఒక దేశపు అంతరంగిక వ్యవహారాలలో సమితి జోక్యం చేసుకోరాదనే 2వ అధికరణం 7వ ఖండం భారతదేశ వాదనకు మరొక ఆధారం.

మండలి తదుపరి సమావేశానికి ముందే పరిస్థితి మారిపోయింది. సెప్టెంబరు 17న మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయాడు. అదే సెప్టెంబరు 17న జెరూసలేములో సమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడోట్ హత్యకు గురయ్యాడు. ప్రపంచ పత్రికల దృష్టి పాలస్తీనా వైపు మళ్ళింది.

సెప్టెంబరు 20న మండలి మరల సమావేశమయ్యేసరికి పోరాటం ఆపించడమన్న ప్రశ్నే లేదు. సెప్టెంబరు 22న నిజాం స్వయంగా ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు సమితికి తంతి పంపాడు. దీనితో ఒక కొత్త చిక్కు వచ్చింది. భారత సైన్యం అధీనంలో ఉన్న పాలకుడు పంపిన తంతి ఆయన స్వేచ్ఛగా పంపినదేనా? పారిస్‌లో ఉన్న ప్రతినిధులు ఇంకా ఎవరి ప్రతినిధులు? మొయిన్ నవాజ్ జంగ్ నిజాం నిర్బంధంలో ఉన్నాడని, తమ అధికారం చెల్లుతుందని వాదించాడు. సెప్టెంబరు 28 నాటి సమావేశంలో అర్జెంటీనా ప్రతినిధి హోసే ఆర్సే విచారణ కొనసాగించాలన్న పక్షాన నిలిచాడు. అమెరికా ప్రతినిధి ఫిలిప్ జెస్సప్ ఈ చర్చల సందర్భంలో బలప్రయోగం వల్ల న్యాయపరమైన హక్కులు మారిపోవన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడాడు. అయినా ఆ మాటను తీర్మానంగా మార్చే ప్రయత్నం అమెరికా చేయలేదు.

సోవియట్ కూటమి తటస్థత మొదటి చూపుకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ సమయంలో తెలంగాణలో కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతాంగ సాయుధ పోరాటం నిజాముకు వ్యతిరేకంగా నడుస్తున్నది. జమీందారీ, దేశ్‌ముఖీ వ్యవస్థలకు ప్రతీకగా నిలిచిన నిజామును సోవియట్ యూనియన్ సమర్థించే అవకాశం లేదు. అదే సమయంలో నెహ్రూ ప్రభుత్వంపై కూడా మాస్కోకు అప్పట్లో సదభిప్రాయం లేదు. పోలీసు చర్య అనంతరం భారత సైన్యం కమ్యూనిస్టు దళాలపైకి మళ్ళింది. ఆ పోరాటం 1951 వరకు సాగింది.

పాకిస్తాన్ ఫిర్యాదు

హైదరాబాదు తరఫున మాట్లాడే అధికారం ఎవరికున్నదన్న ప్రశ్న తేలకపోవడంతో పాకిస్తాన్ ఆ బాధ్యత తీసుకున్నది. విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ 1948 అక్టోబరు 6న, ఈ చర్చలో పాల్గొనడానికి తమ దేశానికి అనుమతి ఇవ్వాలని మండలికి లేఖ వ్రాశాడు. భారతదేశం నవంబరులో తన వైఖరిని స్పష్టం చేసింది. సంస్థానంలో పరిస్థితి చక్కబడినందున ఈ విషయమై మండలికి ఇక ప్రతినిధిని పంపనవసరం లేదన్నది దాని సారాంశం. 1949 మే 19, 24 తేదీలలో మండలి జఫ్రుల్లా ఖాన్ వాదన విన్నది. భారతదేశం తరఫున సర్ బెనెగల్ నరసింగరావు మండలికి ఈ విషయంలో అధికారం లేదని తెలిపాడు. ఆ తరువాత మండలి ఈ అంశాన్ని చర్చించలేదు.

భారతదేశానికి ఈ వ్యవహారంలో ఇబ్బందికరమైన అంశం కాశ్మీరు. 1948 జనవరి 1న కాశ్మీరు విషయమై పాకిస్తాన్‌పై భద్రతా మండలికి ఫిర్యాదు చేసినది భారతదేశమే. మండలి నియమించిన కమిషను 1948 ఆగస్టు 13న, అనగా హైదరాబాదు తంతికి ఎనిమిది రోజుల ముందు, కాశ్మీరుపై తీర్మానం చేసింది. సంస్థానాధీశుని సంతకమే ప్రధానమని కాశ్మీరులోను, ప్రజల అభీష్టమే ప్రధానమని హైదరాబాదులోను భారతదేశం వాదిస్తున్నదని పాకిస్తాన్ విమర్శించేది. పాకిస్తాన్ వాదన సరిగ్గా దీనికి తలక్రిందులుగా ఉండేదన్నది కూడా నిజమే.

హైదరాబాదుకు రాజ్య హోదా ఉన్నదా లేదా అన్నది న్యాయశాస్త్రజ్ఞుల మధ్య కొంతకాలం చర్చనీయాంశంగా ఉన్నది. 1949లో తారక్‌నాథ్ దాస్, 1950లో క్లైడ్ ఈగిల్టన్ అమెరికా అంతర్జాతీయ న్యాయ పత్రికలో దీనిపై వ్యాసాలు వ్రాశారు.

మండలి ముందుకు రాని హింస

బెజవాడ వైపు నుండి కదిలిన భారత సేనాభాగానికి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వం వహించాడు. మచిలీపట్నం నుండి పామర్రు, పామిడిముక్కల, ఉయ్యూరు ప్రాంతాల మీదుగా విజయవాడ చేరే నేటి జాతీయ రహదారి అక్కడినుండి సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోతుంది. తూర్పు దళం సాగినది ఈ సూర్యాపేట దారినే. ప్రధాన దళం పడమట షోలాపూరు నుండి వచ్చింది. దౌత్య వేదికలపై చర్చ అంతా ఈ దళాల కదలికల గురించి, అవి దాటినది దేశ సరిహద్దా కాదా అన్న దాని గురించి జరిగింది.

అయితే ప్రాణనష్టంలో అధిక భాగం ఐదు రోజుల యుద్ధంలో జరిగినది కాదు. అంతకు ముందు రజాకార్ల దాడులలో అనేక గ్రామాలు నాశనమయ్యాయి. లొంగుబాటు తరువాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలలో ముస్లిములపై ప్రతీకార హింస చెలరేగింది. నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 నవంబరు, డిసెంబరు మాసాలలో సంస్థానంలో పర్యటించి, తక్కువగా అంచనా వేసినా 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని నివేదించారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. అది సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చినది 2013 ప్రాంతంలోనే. ఏ విదేశీ ప్రభుత్వమూ ఈ హింసపై విచారణ కొరకు మండలిలో తీర్మానం ప్రతిపాదించలేదు. రాజ్య హోదా, ప్రతినిధుల అధికార పత్రాలు అన్న ప్రశ్నలతోనే సమావేశాలు గడిచిపోయాయి.

లండన్ బ్యాంకులోని సొమ్ము

ఈ దౌత్య వ్యవహారం నుండి పుట్టి అత్యంత దీర్ఘకాలం నడచిన వివాదం ఒక బ్యాంకు ఖాతాకు సంబంధించినది. 1948 సెప్టెంబరు 20న, లొంగుబాటు జరిగిన రెండు రోజులకు, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వం పేరనున్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా ఖాతాకు బదిలీ అయ్యాయి. ఈ బదిలీ మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంపై జరిగింది. వారం రోజులలో నిజాం ఈ బదిలీకి తన అనుమతి లేదని, సొమ్ము తిరిగి ఇవ్వాలని బ్యాంకును కోరాడు. పాకిస్తాన్ అంగీకారం లేకుండా తిరిగి ఇవ్వలేమని బ్యాంకు సమాధానమిచ్చింది.

నిజాం 1954లో లండన్‌లో దావా వేశాడు. పాకిస్తాన్ సార్వభౌమ రాజ్యం కాబట్టి దానిపై ఇక్కడ విచారణ కుదరదని 1957లో ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది. పారిస్‌లో హైదరాబాదుకు దొరకని రాజ్య హోదా, లండన్‌లో పాకిస్తాన్‌కు ఈ విధంగా రక్షణ కవచమైనది. సొమ్ము బ్యాంకులో స్తంభించిపోయి వడ్డీతో పెరుగుతూ వచ్చింది. 2013లో పాకిస్తాన్ తానే సొమ్ము కొరకు దావా వేయడంతో ఆ రక్షణను వదులుకున్నట్లయింది. హైదరాబాదుకు ఆయుధాలు సమకూర్చినందుకు ఈ మొత్తం తమకు చెల్లించారని పాకిస్తాన్ చేసిన వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. 2019 అక్టోబరు 2న ఇంగ్లండు హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఈ సొమ్ము నిజాముకే చెందుతుందని, ఆయన వారసులుగా ఇద్దరు మనుమలకు, వారితో ఒప్పందం చేసుకున్న భారత ప్రభుత్వానికి దానిపై హక్కు ఉన్నదని తీర్పు చెప్పాడు. అప్పటికి ఆ మొత్తం సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లు.

తరువాతి పరిణామాలు

నిజాం 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా జారీ చేశాడు. 1950 జనవరి 26 నుండి హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖుడయ్యాడు. గృహ నిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో తప్పించుకొని పాకిస్తాన్ చేరాడు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం భాషాప్రాతిపదికపై విభజించబడి తెలంగాణ ఆంధ్ర ప్రదేశ్‌లో కలిసింది.

ఐక్యరాజ్య సమితిలో మాత్రం హైదరాబాదు పేరు చెరిగిపోలేదు. భద్రతా మండలి పరిశీలనలో ఉన్న అంశాలను సమితి ప్రధాన కార్యదర్శి ఎప్పటికప్పుడు ఒక పట్టికగా ప్రకటిస్తాడు. చాలా కాలంగా చర్చకు రాని అంశాలను, సభ్య దేశాలేవీ అభ్యంతరం తెలుపకపోతే, తొలగించే పద్ధతిని మండలి 1996లో ప్రవేశపెట్టింది. ఆ తరువాత కూడా ఈ పట్టికలో "హైదరాబాదు సమస్య" అన్న శీర్షిక, దాని ప్రక్కన మొదటిసారి చర్చించిన తేదీ 1948 సెప్టెంబరు 16, చివరిసారి చర్చించిన తేదీ 1949 మే 24 అన్న వివరాలతో కొనసాగింది.